సంచులవారి సముద్ర సంచారం

సోమవారం పొద్దున పదకొండు గంటలకు ప్రధాన కార్యాలయం నుంచి ఫోను వచ్చింది. ఎత్తినవాడు జూనియర్ అసిస్టెంటు మస్తాన్ వలి. ఆ ఫోనులో మాట సగమే వినిపిస్తుంది. మిగతా సగం ఎవరి పాపపుణ్యాలను బట్టి వాళ్ళు పూరించుకోవాలి. మస్తాన్ "అందరికీనా సార్" అని ఒకసారి, "కుటుంబాలకి కూడానా" అని ఇంకోసారి అడిగి, రిసీవరు పెట్టేసి, పక్క బల్ల దగ్గరున్న సీనియర్ అసిస్టెంటు పేరయ్య వైపు తిరిగాడు.

"మనందరికీ విచారణంట అన్నా. పెళ్ళాంబిడ్డలతో సహా."

నరసరావుపేటలోని ఆ ప్రాంతీయ గోనెసంచుల నాణ్యతా తనిఖీ కార్యాలయంలో ముప్ఫై ఆరుమంది ఉన్నారు. అరగంటలో ఆఫీసు అద్దంలా తయారైంది. స్టోర్సు గుమాస్తా ఇంటికి పరుగెత్తి, నాలుగేళ్ళ కిందట 'మరమ్మతుకు' వెళ్ళిన రెండు కుర్చీలను ఆటోలో వేసుకొచ్చాడు. కంగారులో వాటితోపాటు ఒక గోడగడియారం కూడా తెచ్చాడు. అది పోయిందన్న సంగతి అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

ఇరవై రెండేళ్ళ సర్వీసులో పేరయ్య తలపెట్టిన ప్రభుత్వద్రోహం ఒక్కటే. తనిఖీ అయిపోయి పక్కన పారేసిన గోనెసంచి ఒకటి వాళ్ళింటి గుమ్మం ముందు కాళ్ళు తుడుచుకునే పట్టాగా సేవ చేస్తోంది. వెంటనే భార్య కోటేశ్వరికి ఫోను చేసి, ఆ పట్టా తీసి అటకమీద పడెయ్యమన్నాడు. మరి కాళ్ళు దేనికి తుడుచుకోవాలని ఆవిడ అడిగింది. విచారణ అయ్యేదాకా ఆ ఇంట్లో ఎవరూ కాళ్ళు తుడుచుకోవద్దన్నాడు.

మధ్యాహ్నం టపాలో కాగితం వచ్చాక తెలిసింది, అది విచారణ కాదు, విహారమని. సాయంత్రానికి కుర్చీలు మళ్ళీ మరమ్మతుకు వెళ్ళిపోయాయి. గడియారం మాత్రం, అందరి కంటా పడింది కాబట్టి, గోడెక్కింది.

ఎక్కడో ఏదో శిక్షణా తరగతిలో ఒక పెద్ద అధికారి, విశ్రాంతి తీసుకున్న ఉద్యోగి రెట్టింపు పనిచేస్తాడని విన్నాడట. అప్పటినుంచి సంస్థలో విశ్రాంతికి విశ్రాంతి లేకుండా పోయింది. ఆ ఉత్తర్వు ఇలా ఉంది: "ఉద్యోగుల మానసిక శ్రేయస్సును పురస్కరించుకొని, ప్రతి ఉద్యోగియు సకుటుంబముగా, ఈ మూడు మాసములలోగా ఒక శని, ఆదివారములు ముత్యాలరేవు సముద్రతీరమునందు గడిపి, విధిగా ఉల్లాసము పొందవలెను. ఉల్లాసము పొందని వారిపై తగు చర్య గైకొనబడును. జతపరచిన పత్రము పూరించి గడువులోగా సమర్పించవలెను."

పేరయ్య ఆ కాగితం నకలు మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి మామూలు కంటే వేగంగా నడిచాడు. దానికి కారణముంది.

కోటేశ్వరి సముద్రం చూడలేదు. పుట్టింది మాచర్ల దగ్గర, మెట్టింది నరసరావుపేట. రెండుచోట్లా నీళ్ళు కుళాయికి వచ్చినప్పుడు చూడటమే. పెళ్ళైన కొత్తలో ముత్యాలరేవు తీసుకెళతానని పేరయ్య మాటిచ్చాడు. బస్సులో మూడు గంటల దారి. అయినా ఇరవై ఒక్కేళ్ళుగా ఆవిడ రేవు అంటే ఆయన రేపు అంటున్నాడు. కడలి చూడాలంటే ముందు మనిషి కదలాలి కదా, పేరయ్య ఫైలే కదలని చోట పెరిగిన ప్రాణి. అలలు చూపించలేదని ఆవిడ అలగడం, తీరం సంగతి తీరికగా చూద్దామని ఆయన తప్పుకోవడం ఏడాదికోసారి జరిగేవి. గుంటూరులో నర్సింగు చదువుతున్న కూతురు స్నేహితురాళ్ళతో బీచికి వెళ్ళి ఫోనులో వీడియో పంపితే, కోటేశ్వరి ఆ ఫోను పక్కకు తోసేసింది. అంత పెద్దదాన్ని అరచేతిలో చూడనంది. చూస్తే ఎదురుగా నిలబడి చూస్తానంది. కాళ్ళు తడుపుకుంటానంది.

ఇప్పుడు ఆవిడ ఉత్తర్వు నకలు రెండుసార్లు చదివింది.

"గవర్నమెంటే పొమ్మంటందా?"

"పొమ్మనటమే కాదు. పోకపోతే సంజాయిషీ అడుగుద్ది."

"అయితే ఈసారి పోతాం. మీ మాట మీద నాకు నమ్మకం లేదు గానీ, సంజాయిషీ అంటే మీకున్న భయం మీద నాకు నమ్మకముంది," అని ఆవిడ అప్పుడే వంటింట్లోకి వెళ్ళి చేగోడీలకు పిండి కలపడం మొదలుపెట్టింది.

మర్నాడు ప్రాంతీయ అధికారి గంగాధరరావు సమావేశం పెట్టాడు. ఆయన నెత్తిన గంగ పేరులోనే. నిజంగా రెండు చినుకులు పడితే గొడుగు విప్పి గదిలోనే కూర్చుంటాడు. మాట్లాడితే మనిషి మాట్లాడినట్టుండదు, గెజిట్ చదివినట్టుంటుంది. ఉల్లాసమనేది ప్రణాళికాబద్ధంగా పొందవలసిన విషయమనీ, ఎవరికి తోచినట్టు వారు ఉల్లసిస్తే అది క్రమశిక్షణా రాహిత్యమనీ ఆయన అభిప్రాయపడ్డాడు. వెంటనే ఒక ఉల్లాస ప్రణాళికా సంఘం ఏర్పడింది. ఆయన అధ్యక్షుడు, సూపరింటెండెంటు సుగుణమేరీ సభ్యురాలు, కాగితాలు రాయడానికి మస్తాన్, కాగితాలు మొయ్యడానికి కన్వీనరనే పేరుతో పేరయ్య.

వారమంతా సంచులతో సరిపోతుంది కాబట్టి, సంఘం శని ఆదివారాల్లో మాత్రమే కూర్చోవాలని తీర్మానించారు.

ఆ విధంగా, శని ఆదివారాలు ఎలా గడపాలో నిర్ణయించడానికి శని ఆదివారాలు గడిచిపోసాగాయి. మొదటి వారం ఉల్లాసానికి నిర్వచనం కుదరలేదు. రెండోవారం, ఇసుకలో కూర్చున్న ఉద్యోగిని కూర్చున్నట్టు లెక్కించాలా, ఆఫీసులో లేనట్టు లెక్కించాలా అన్నదానిమీద చర్చ భోజనం దాకా సాగింది. మూడోవారం గంగాధరరావుకు భద్రత గుర్తొచ్చింది. అలలు ఏయే వేళల్లో వస్తాయో ముందే తెలిస్తే, అవి లేని సమయంలో ఉద్యోగుల్ని నీళ్ళలోకి దించవచ్చునన్నాడు. ఆ మేరకు ముత్యాలరేవు పురపాలక సంఘానికి లేఖ వెళ్ళింది. నెల తర్వాత జవాబొచ్చింది.

"తమరు కోరిన అలల రాకపోకల సమయపట్టిక ఈ కార్యాలయమునందు లభ్యము కాదు. అలలు ముందస్తు సమాచారము లేకుండా, సెలవు దినములు సహా, నిరంతరాయముగా వచ్చుచున్నవి. వాటి హాజరు తీసుకొనుటకు మావద్ద చాలినంత సిబ్బంది లేరని మనవి."

గంగాధరరావు ఆ ఉత్తరాన్ని మెచ్చుకోలుగా రెండుసార్లు చదివాడు. సెలవుల్లో కూడా పనిచేస్తున్నాయంటే అలలకు కూడా ఉల్లాసం అవసరమేనని ఫైలు పక్కన రాశాడు.

ఇంట్లో కోటేశ్వరి ప్రతి శుక్రవారం చేగోడీలు చేసేది. ప్రతి శనివారం పొద్దున పేరయ్య చేతిసంచిలో అవి సంఘానికి వెళ్ళేవి. తీరానికి పోవలసిన తినుబండారాలు తీర్మానాల్లో కరిగిపోయేవి. పదో వారం ఆవిడ పిండి కలపలేదు. వాకిట్లో కూర్చుని, సముద్రం అట్టానే ఉంటదా, వీళ్ళు పొయ్యేసరికి ఎండిపోద్దా అని అడిగింది. పేరయ్య తలొంచుకుని చెప్పులు తొడుక్కున్నాడు. రేపు అనే మాట ఆయన నోట్లోనే ఉండిపోయింది.

గడువు ఇంకా రెండు వారాలుందనగా ఎవరికో, ఉత్తర్వుకు జతపరచిన పత్రం సంగతి గుర్తొచ్చింది. అప్పటిదాకా దాన్ని తిప్పి చూసినవాళ్ళు లేరు. సుగుణమేరీ కళ్ళజోడు సర్దుకుని చదివింది. లాట్ పరిమాణం. నమూనాల సంఖ్య. నమూనా బరువు. సాగుదల. కుట్టు. చిరుగులు. తేమ శాతం. తుది ఫలితం: లాట్ ఆమోదమా, తిరస్కారమా.

"ఇది మన సంచుల ఫారం సార్. పైనోళ్ళు ఒకదానికి బదులు ఒకటి పిన్ను కొట్టుంటారు. ఒక్క ఫోను చేసి కనుక్కుంటే పోద్ది గదా."

గంగాధరరావు చెయ్యెత్తి ఆపాడు. "మేడమ్, ప్రధాన కార్యాలయం పొరపాటు చేయదు. ఒకవేళ చేసినా, అది మన దాకా వచ్చేసరికి ఉత్తర్వు అవుతుంది."

నిజానికి ఆయన ముఖంలో అప్పటికే ఒక వెలుగు కనిపిస్తోంది. మూడు నెలలుగా దొరకని దారి ఆ పత్రంలో దొరికింది. ఆ ఆఫీసు పుట్టినప్పటినుంచి అక్కడ జరిగేది ఒకటే పని. నూరు సంచుల కట్ట, అంటే ఒక లాట్, వస్తే అందులో ఒక్క సంచిని లాగుతారు. పైది కాదు, కిందది కాదు, నడిమిది. దాన్ని తూస్తారు, అటూ ఇటూ సాగదీస్తారు, వెలుతురుకు పట్టి చిల్లులు చూస్తారు. అది బాగుంటే నూరూ బాగున్నట్టే. కట్టమీద ముద్ర పడుతుంది. మిగతా తొంభై తొమ్మిదిని ముట్టుకున్న పాపాన ఎవరూ పోరు. అలాంటప్పుడు ముప్ఫై ఆరు కుటుంబాలూ పొలోమని సముద్రానికి పోవడమెందుకు?

"ముప్ఫై ఆరు కుటుంబములు ఒక లాట్," అన్నాడు గంగాధరరావు. "అందులో ఒక నమూనా కుటుంబము ఉల్లాసము పొందిన యెడల, అందరమూ పొందినట్లే భావించవచ్చును."

తన పిల్లలు బీచిలో ఆడటానికి బంతి కూడా కొనుక్కున్నారని మస్తాన్ గొణిగాడు. ఆ బంతిని నమూనాతో పంపవచ్చునని అధ్యక్షులు సెలవిచ్చారు.

హాజరుపట్టీ తెరిచి, పైది కాదు, కిందది కాదు, నడిమి పేరు చూశారు. పద్దెనిమిదోది. పేరయ్య.

ఆ సాయంత్రం కోటేశ్వరి మళ్ళీ పిండి కలిపింది. ముప్ఫై ఆరు మందిలో మనమే ఎట్టా వచ్చామని అడిగితే, మధ్యలో ఉన్నామని చెప్పాడు. ఇన్నాళ్ళకి మధ్యతరగతికి ఒక లాభం కలిసొచ్చిందని ఆవిడ ముచ్చటపడింది. నమూనా అనే మాట పేరయ్య చెప్పలేదు. చెబుదామనే అనుకున్నాడు గానీ, ఆవిడ పాట కూడా పాడుతోంది.

శుక్రవారం సాయంత్రం బయల్దేరే ముందు మాత్రం చెప్పక తప్పలేదు, ఎందుకంటే ఆఫీసు పెరట్లో కాటా సిద్ధంగా ఉంది. సంచులు తూచే పళ్ళెంలాంటి ఆ కాటామీద మొదట పేరయ్యను, తర్వాత కోటేశ్వరిని నిలబెట్టి బరువులు రాశారు. సాగుదల కోసం ఇద్దరినీ చేతులు పైకెత్తమన్నారు. కుట్టు దగ్గర మస్తాన్ కలం ఆగిపోయింది. అయిదేళ్ళ కిందట పేరయ్యకు కడుపులో ఆపరేషనైన సంగతి సుగుణమేరీ గుర్తుచేసింది. 'ఆరు కుట్లు, గట్టిగా ఉన్నవి' అని రాసుకున్నారు. చిరుగులు లేవని ఆవిడే దయతలచి రాయించింది.

కోటేశ్వరి కాటా దిగి మొగుడి వైపు చూసింది. "సముద్రం చూడాలంటే అందరికీ ఇట్టానే చేస్తారా?"

"మనం ప్రత్యేకం," అన్నాడు పేరయ్య.

ఇక మిగిలింది తేమ. నిబంధనల పుస్తకం ప్రకారం నమూనాకు తడి తగలకూడదు. తగిలితే బరువు మారుతుంది, ఫలితం చెల్లదు. గంగాధరరావు చాలాసేపు ఆలోచించి ఆదేశమిచ్చాడు: నమూనా సముద్రతీరము చేరవలెను, తడవరాదు. నమూనా తడవకుండా చూడటానికి తనిఖీ బృందం వెంట వెళుతుంది. బృందమంటే ఆయన, సుగుణమేరీ, మస్తాన్. వాళ్ళు నమూనాలు కారు కాబట్టి వాళ్ళకు తేమ పరిమితి వర్తించదు.

ముత్యాలరేవులో దిగేసరికి చీకటి పడింది. దారిలో కోటేశ్వరి కిటికీ పక్క సీటు ఎవరికీ ఇవ్వలేదు గానీ, సరుగుడు తోపులు తప్ప ఏమీ కనిపించలేదు. లాడ్జిలో వాళ్ళకిచ్చిన గది కిటికీ బస్టాండు వైపుంది. సముద్రం లాడ్జి వెనక, తోపు దాటి రెండొందల అడుగులు. హోరు మాత్రం గోడ లోంచి వస్తోంది. శనివారం పొద్దున కాఫీలయ్యాక, గంగాధరరావు వాళ్ళిద్దరినీ లోపలే ఉంచి, ఆ గది తలుపుకు అడ్డంగా ఒక గోనె పట్టీ కట్టి, లక్క కరిగించి ముద్ర వేశాడు.

"నమూనా భద్రం. మేము స్థల పరిశీలనకు వెళుతున్నాం," అని బృందం వెళ్ళిపోయింది.

స్థల పరిశీలన మధ్యాహ్నం దాకా జరిగింది. భోజనం చేసి మళ్ళీ పరిశీలించారు. చినుకుకు బెదిరే గంగాధరరావు మోకాళ్ళలోతు నీళ్ళలో నిలబడి, మొక్కజొన్న కంకి తింటూ, రెండో కంకికి కూడా ఆదేశాలిచ్చాడని తర్వాత తెలిసింది. సాయంత్రం మస్తాన్ ఒక్కడూ కిటికీ దగ్గరికి వచ్చాడు. తల నిండా ఇసుక, పెదాల మీద ఉప్పు.

"అక్కా, ఏమనుకోబాకండి. ఏమన్నా కావాల్నా?"

"ఎట్టా ఉంది?" అంది కోటేశ్వరి.

మస్తాన్ నోరు తెరిచాడు.

"వద్దులే, చెప్పబాక," అని ఆవిడ కిటికీ రెక్క వేసేసింది.

ఆ తర్వాత ఆవిడ గోడకు చెవి ఆనించి కూర్చుంది. పేరయ్య చేగోడీల డబ్బా మూత తీసి జరిపాడు. ఆవిడ ముట్టుకోలేదు. ఆయనతో దెబ్బలాడనూ లేదు. ఇరవై ఒక్కేళ్ళలో ఆవిడ దెబ్బలాడకపోవడం ఆయన మొదటిసారి చూశాడు. సంజాయిషీ కంటే భయపెట్టేది ఒకటుందని ఆయనకు అప్పుడు తెలిసింది.

ఆదివారం పొద్దున బృందం ముద్ర ఊడదీసి లోపలికొచ్చింది. తేమ సున్నా. బరువు నిలకడ. గంగాధరరావు తృప్తిగా తలాడించి, చివరి గడిలో వేలు పెట్టాడు. అక్కడ ఆమోదమా, తిరస్కారమా తేలడానికి, నూటికి ఎంత ఉల్లాసం పొందిందో నమూనా స్వయంగా వెయ్యాలని సంఘం తీర్మానించింది. తొంభై అంటే బాగుంటుందని సూచించాడు. కోటేశ్వరి కలం తీసుకుని, గుండ్రంగా, దిద్దినట్టు, ఒక సున్నా చుట్టింది.

మస్తాన్ కాగితం లోకి తొంగి చూసి, నమూనా సున్నా అయితే లాట్ మొత్తం సున్నాయే కదా సార్ అన్నాడు. ముప్ఫై ఆరు కుటుంబాలూ ఉల్లాసం పొందనట్టే. ముప్ఫై ఆరుగురి మీదా తగు చర్య. లాట్‌లో మొదటి పేరు గంగాధరరావుది.

ఆయన గెజిట్ భాష ఒక్కసారిగా జారిపోయింది. "అమ్మా, పొరపాటున వేసుంటారు. దాని పక్కన ఒక తొమ్మిది పెట్టండి. ముందు పెట్టండి, వెనక కాదు."

"చూడనిదానికి మార్కులెట్టా ఏస్తానండీ? మీరు చూశారుగా, మీరేసుకోండి."

"నమూనానే వెయ్యాలమ్మా."

"నమూనా ఏసింది. సున్నా."

గంగాధరరావు పేరయ్య వైపు తిరిగి, మీ ఆవిడకు మీరు తగు ఆదేశాలివ్వాలన్నాడు. పేరయ్య లేచి నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళుగా పైవాడు ఏమంటే అది చేసిన మనిషి. గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఫలితం మీద వివాదం వస్తే రెండో పరీక్ష ఉంది. పదిహేడో నిబంధన. నమూనాని నీళ్ళలో నానబెట్టి, ఎండబెట్టి, మళ్ళీ పరీక్షించాల."

అలాంటిదొకటి ఉన్నట్టు తనకు గుర్తులేదని గంగాధరరావు సందేహించాడు. నిబంధనల పుస్తకం సుగుణమేరీ సంచిలో ఉంది. ఆవిడ తీసి పేజీలు తిప్పింది. పదిహేడో నిబంధన ఎలకలు కొరికిన సంచుల గురించి. ఆవిడ దాన్ని చదువుకుంది, కోటేశ్వరి ముఖంలోకి చూసింది, పుస్తకం మూసేసింది.

"ఉంది సార్. నానబెట్టాల్సిందే."

"నేనూ చదివా సార్," అన్నాడు మస్తాన్. వాడు ఆ పుస్తకం ఎన్నడూ తెరిచి ఎరగడు.

ఆ విధంగా నమూనా తోపులోంచి బయల్దేరింది. ముందు కోటేశ్వరి, వెనక పేరయ్య, ఆ వెనక ఫారం అట్టతో బృందం. సరుగుడు చెట్లు అయిపోయినచోట కోటేశ్వరి ఆగింది. మూరెడు, బారెడు అనుకుంటూ ఇరవై ఒక్కేళ్ళుగా మనసులో కొలిచి పెట్టుకున్నదంతా ఆవిడకు అక్కడ పనికిరాలేదు. అది ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఉంది, ఆ పైన కూడా ఉంది. ఆవిడ చెప్పులు విడిచింది. నమస్కారం పెట్టబోయి, మధ్యలో ఆపి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని గబగబా నడిచింది. మొదటి అల పాదాలను తాకి వెనక్కి పోతూ కాళ్ళకింద ఇసుకను లాగేసరికి, చిన్నగా కెవ్వుమని మొగుడి చెయ్యి పట్టుకుంది.

"నేల జరగతందండీ."

"జరగనీ," అన్నాడు పేరయ్య. "ఇంతకాలం మనమే జరగలేదు."

గంగాధరరావు ఒడ్డున గడియారం చూసుకుంటూ నిలబడ్డాడు. ఎంతసేపు నానాలని అడిగాడు. నిబంధనలో సమయం చెప్పలేదు సార్, పూర్తిగా నానేవరకూ అని నీళ్ళలోంచి పేరయ్య జవాబిచ్చాడు. అరగంట గడిచింది. కోటేశ్వరి నడుంలోతుకు వెళ్ళింది, ఒక అల నెత్తిమీదుగా పోతే ఉప్పునీళ్ళు మింగింది, ఒప్పుకోలుగా నవ్వింది. చుట్టూ జనం మూగసాగారు. అట్ట పట్టుకుని ఒకడు, పుస్తకం పట్టుకుని ఒకావిడ, గడియారం చూస్తూ ఒకాయన ఒడ్డున నిలబడి ఒక ఆడమనిషిని నీళ్ళలో ముంచుతుంటే ఎవరు ఊరుకుంటారు? షూటింగని కొందరు, మొక్కుబడని కొందరు, మతి బాగుచేసే వైద్యమని కొందరు అనుకున్నారు. బజ్జీల బండి ఆవిడ మాత్రం, ఆ గడియారమాయనకే వైద్యం కావాల్సినట్టుందని తేల్చింది.

ఈలోగా గంగాధరరావుకు ఒక సాంకేతిక సమస్య వచ్చింది. ఫారంలో తేమ గడి ఉంది గానీ ఉప్పు గడి లేదు. ఉప్పునీటి తేమను మామూలు తేమ కింద రాయాలా, వేరే రాయాలా? గడువు మర్నాడే. ఆ గడువు పుణ్యమా అని ఆదివారం కూడా ప్రధాన కార్యాలయంలో జనం ఉన్నారు. ఆయన ఫోను చేశాడు. హోరులో వినపడక స్పీకరు పెట్టాడు. నమూనాలిద్దరూ నానుతున్నారనీ, ఉప్పు ఎక్కడ చూపాలనీ వివరంగా అడిగాడు.

అవతలి నుంచి ఒక ఆడగొంతు, ఎవర్ని నానబెట్టారని అడిగింది.

ఆయన మొదటినుంచి చెప్పాడు. లాట్, కాటా, కుట్లు, లక్క. జనం మెల్లమెల్లగా దగ్గరికి జరిగారు. అంతా విని ఆ గొంతు చెప్పింది:

"సార్, అది గోనెసంచుల ఫారమండీ. బల్లమీద రెండూ పక్కపక్కన ఉంటే మావాడు దీన్ని పిన్ను కొట్టాడు. మీకు రావల్సింది ఒక చిన్న చీటీ. 'వెళ్ళొచ్చాం' అని ఎవరికి వాళ్ళు సంతకం పెడితే చాలు. అందరూ వెళ్ళాల్సిందే, మనుషులకి శాంపిలు ఉండదు గదా."

"మరి మిగతా కార్యాలయములు...?"

"పద్నాలుగు ఆఫీసులవాళ్ళు పూరించి పంపేశారండీ. అందరి తేమా సరిగ్గానే ఉంది. ఇదేందని అడిగింది ఇప్పటిదాకా మీరొక్కరే."

బజ్జీల ఆవిడ పకపకా నవ్వింది. సుగుణమేరీ కొంగు నోటికి అడ్డుపెట్టుకుంది. మస్తాన్ అప్పటికే పక్కకెళ్ళి పిల్లల్ని బస్సెక్కించమని ఇంటికి ఫోను చేస్తున్నాడు. గంగాధరరావు చుట్టూ మూగిన జనాన్ని చూశాడు. ఏదో ఒకటి చెప్పకపోతే అధికారానికి అప్రతిష్ఠ. చొక్కా సర్దుకుని, గొంతు పెంచాడు.

"ఇందుమూలముగా ఇచ్చట హాజరైన వారందరికీ తెలియజేయునది ఏమనగా, ప్రధాన కార్యాలయము వారు ఒక పత్రమునకు బదులు వేరొక పత్రము జతపరచిన కారణమున, నీటిలో నున్న సదరు ఇరువురినీ మూడు దినములుగా గోనెసంచులుగా పరిగణించడమైనది. సదరు వ్యక్తులు సంచులు కారని ఇప్పుడే నిర్ధారణ అయినది."

జనం చప్పట్లు కొట్టారు. చప్పుడు విని కోటేశ్వరి నీళ్ళలోంచి తిరిగి చూసింది. జుట్టు విడిపోయి, ముఖం మీదుగా నీళ్ళు కారుతున్నాయి. ఒడ్డున ఏమైందని, ఎందుకు చప్పట్లని మొగుణ్ణి అడిగింది.

"ఏం లేదే," అన్నాడు పేరయ్య. "మనం సంచులం కాదంట. హెడ్డాఫీసు నుంచి కబురొచ్చింది."

కోటేశ్వరి ముఖం మీది నీళ్ళు తుడుచుకుంది.

"నోటిమాట నమ్మబాకండి. కాగితమ్మీద రాసిమ్మనండి," అని, వస్తున్న అలకు ఎదురెళ్ళింది.